తెల్ల కండువా

వన్ టౌన్ ఇళ్ల మీద పడే పోర్టు బొగ్గుధూళిని ఆపడం ఒక్కటే ఆ చిన్న పార్టీ ఎజెండా. మిగతా లోకమంతా బాగుపడిపోయినట్టు! మద్దిలపాలెంలో బస్సెక్కిన ఆ పార్టీ నాయకుడు తెల్ల కండువాలు పంచుతూ ఉపన్యాసం దంచాడు. నా పక్కసీటులోని పెద్దావిడ కండువా అందుకోలేదు. అతని మెడలో ఉన్నదాని అంచు పట్టుకుని తిప్పి చూసింది.

“మా వన్ టౌన్‌లో తెల్లగుడ్డ ఆరేత్తే సాయంత్రానికి నల్లగైపోద్ది బాబూ. నువ్వెక్కడ ఆరేత్తన్నావేటి?”

అతను వినబడనట్టు వెనక సీటు దగ్గరికి పోయాడు.

ఏడాది తిరక్కుండా ఆ పార్టీని ఓ పెద్ద పార్టీలో కలిపేసి పదవి పుచ్చుకున్నాడు. మొన్నొక సభలో కనిపించాడు. కండువా రంగు మారింది. నా చూపు తిన్నగా దాని అంచు మీదికే పోయింది.

ఎక్కడా మరక లేదు.