ఒక ఏడాది జూనియర్

బందరు హైస్కూల్లో చదివినన్నాళ్లూ డ్రాయింగ్ పోటీల్లో మొదటి బహుమతి ప్రేమదే. రెండోది జానకిది. ప్రేమ తండ్రి కృపానందం గారు లెక్కల మాస్టారు. జానకి తండ్రి అంకమ్మరావు గిలకలదిండి నుంచి బోటు మీద వేటకు వెళ్తాడు. వెలుగునీడలు దిద్దడం జానకికి నేర్పింది ప్రేమే. ఆ సంగతి ప్రేమ ఎవరికీ చెప్పలేదు గానీ, ఒక్కనాడూ మరిచిపోలేదు.

ఇంటర్ తరువాత ప్రేమ గుడివాడలో ఇంజనీరింగ్‌లో చేరింది. జానకి బందరులోనే బీఎస్సీ. "మా డాడీ ఒప్పుకోరుగానీ, లేకపోతే నేను ఆర్ట్ కాలేజీకే వెళ్లేదాన్ని" అని ప్రేమ అందరితోనూ అనేది. విన్నవాళ్లు అయ్యో అనేవారు. ఆ జాలి ఆమెకు బాగానే ఉండేది.

మొదటి ఏడాది పూర్తయ్యాక ఒకరోజు జానకి ఫోన్ చేసింది.

"బీఎస్సీ మానేశానే. విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్‌లో సీటొచ్చింది."

"మరి మీ నాన్న?"

"అడిగాను. వెళ్లు, వేట లేనప్పుడు చేపల బొమ్మలు అమ్ముకుందాం అని నవ్వేశాడు."

ప్రేమ కంగ్రాట్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ గుడివాడ నుంచి పామర్రు దాకా బస్సులో కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ఆ తరువాత జానకి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ప్రతి బొమ్మనూ ప్రేమ వేళ్లతో పెద్దది చేసి తప్పులు వెతికేది. చేతులు సరిగా రాలేదనో, రంగు మురికిగా ఉందనో అనుకుంటే కాస్త ప్రాణం కుదుటపడేది. ఒకసారి జానకి వల బాగుచేస్తున్న తండ్రి బొమ్మ పెట్టింది. ఎంత వెతికినా అందులో తప్పు దొరకలేదు. ఆ పూట ప్రేమకు అన్నం సయించలేదు.

వారం తిరక్కుండానే తండ్రి ముందు నిలబడింది.

"డాడీ, ఇంజనీరింగ్ మానేస్తాను. బొమ్మలు నేర్చుకుంటాను."

కృపానందం గారు కళ్లజోడు తీశారు. "వెళ్లమ్మా. ఇన్నాళ్లూ ఒక్కసారైనా అడిగావా నన్ను? ఇంజనీరింగ్ నీకే ఇష్టమనుకున్నాను."

ఆయన కాదంటేనే బాగుండునేమో అనిపించింది ప్రేమకు. పోయిన రెండేళ్లకు తప్పు పట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

ఎంట్రన్స్ రాసి అదే యూనివర్సిటీలో, జానకికి ఒక ఏడాది జూనియర్‌గా చేరింది. అక్కడ సీనియర్లను అక్కా అనాలి. మొదటి రోజు వరండాలో "జానకక్కా" అంది.

"అక్కేంటే నీ మొహం!" అని జానకి ఆమె భుజం మీద చెయ్యి వేసి స్నేహితుల వైపు తిరిగింది. "నాకు షేడింగ్ నేర్పింది ఇదే."

తను దాచుకున్న ఒక్క గొప్పనూ జానకే అందరికీ పంచేసింది. ప్రేమకు ఏడుపొచ్చినంత పనైంది.

మరుసటి ఏడు ప్రేమ, జానకి ఎంచుకోని విభాగం కావాలనే, చెక్క మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే ప్రింట్‌మేకింగ్ తీసుకుంది. అలా తీసుకున్న పనే మెల్లగా ఆమెను పట్టేసింది. చెక్క మీద ఉలి పెడితే టిఫిన్ వేళ కూడా గుర్తుండడం లేదు.

మొన్న డిపార్ట్‌మెంట్ ఎగ్జిబిషన్‌కు జానకి బొమ్మ ఎంపికైంది. ప్రేమది కాలేదు. ఇద్దరూ కలిసి ఆ ఫ్రేమును గోడకు తగిలిస్తుండగా ప్రేమ ఉండబట్టలేక అనేసింది.

"నిన్ను చూస్తే నాకు కుళ్లే, జానకీ."

"తెలుసే. స్కూల్లో నిన్ను చూసి నేనూ అంతే. ఎడమ పక్క కొంచెం పైకెత్తు."

ప్రేమ ఎత్తింది.