మాస్టారి బొమ్మలో అమ్మ పీట

మా డ్రాయింగు మాస్టారు పోయారని ముసునూరు నుంచి వస్తున్న బస్సులో తెలిసింది. బస్సు నిండా మామిడిపళ్ళ వాసన. ఆ తర్వాత నూజివీడు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దిగానో గుర్తులేదు.

ఆయన వేసిన పెద్ద బొమ్మను మీలో కొందరు మా స్కూల్లో చూసే ఉంటారు. పాత జ్యూసు ఫ్యాక్టరీ లోపల, వరసగా పీటలేసుకుని రసాలకు తొక్క తీస్తున్న ఆడవాళ్ళు. బాయిలరు ఆవిరిలో మొహాలు సగమే కనిపిస్తాయి. రేకుల కన్నాల్లోంచి దిగిన ఎండ ఆ ఆవిరిలోనే కునుకు తీస్తున్నట్టుంటుంది. మా అమ్మ అక్కడే పనిచేసేది.

బొమ్మ వేస్తారని తెలిసి మొదటిరోజు అందరూ పెళ్ళికి కట్టుకునే చీరల్లో, పూలు పెట్టుకుని వెళ్ళారట. మాస్టారు సాయంత్రం దాకా కబుర్లు చెప్పి, ఒక్క గీతా గీయకుండా లేచారు. "రేపు మామూలు చీరల్లో రండమ్మా. ఇవాళ మీరెవరో నాకు తెలియట్లేదు" అన్నారట.

మర్నాడు నాకు జ్వరం. అమ్మ పనికి వెళ్ళలేదు. మాస్టారు బొమ్మ వేసింది ఆ రోజే. అమ్మ పీట ఖాళీగా వేశారు. ఇంకోరోజు వచ్చి కూర్చుంటానని అమ్మ బతిమాలినా ఒప్పుకోలేదు.

"చూసిందే వేస్తానమ్మా. నీ పీట ఉంది కదా అక్కడ."

"పీట చూపించి ఇది నేనంటే ఎవరు నమ్ముతారండీ?" అంది అమ్మ.

నా వల్లే అమ్మకు చోటు పోయిందని నాకు ఏళ్ళ తరబడి దిగులు. మాస్టారి మీద కోపం కూడా. ఆయన క్లాసులో కావాలనే గీతలు వంకరగా గీసేదాన్ని. ఆయన చొక్కా అంచుకు కుంచె తుడుచుకుంటూ వాటినీ శ్రద్ధగా చూసి, "బాగానే వంకర పోయాయి" అనేవారు. ఆ బొమ్మ దగ్గరికొస్తే మాత్రం నేను కళ్ళు తిప్పుకునేదాన్ని.

పెద్దకర్మ రోజున బొమ్మను స్కూలు నుంచి తెచ్చి మాస్టారి ఇంటి వరండాలో పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడి చాన్నాళ్ళయింది. అప్పటి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎవరిని వాళ్ళు వెతుక్కుంటున్నారు. దూరంగా నిలబడ్డ అమ్మను, అప్పట్లో పక్క పీట మీద కూర్చునే ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఇదిగోవే, నువ్వు."

అమ్మ వంగి చూసింది. ఖాళీ పీట ముందున్న బేసిను నిండా తొక్క తీసిన పళ్ళున్నాయి.

"ఆ రోజు నా వాటా పళ్ళకు మీరు తొక్క తీశారా?"

"మరి? నీ పళ్ళు మిగిలిపోతే మేస్త్రీ ఊరుకుంటాడా? మాస్టారు మా చేతులవంకే చూస్తూ కూర్చున్నారు."

నాకు ఏడుపొచ్చింది. బొమ్మలో, ఆవిరి మధ్య, ఖాళీ పీటకు అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళిద్దరూ తల ఎత్తకుండానే చెయ్యి చాపి, చెరో పండు అమ్మ బేసినులో పెడుతున్నారు.