కాజాలక్క సంతకం

కోట్లు కుట్టే ఆ దుకాణంలో ఆమెను అందరూ కాజాలక్క అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా కోట్లకు గుండీలు పట్టే కాజాలు చేత్తోనే కుట్టింది. అంత చేయి తిరిగిన మనిషికి నాలుగేళ్ళ కిందట ఆ చెయ్యే మాట వినడం మానేసింది. ముందు బొటనవేలు వణికింది, తర్వాత మణికట్టు. పార్కిన్సన్స్ అన్నారు. సూది వదిలేసి, గుండీలు ఏరి డబ్బాల్లో వేసే పనికి మారింది.

ఆ రోజు మామూలుగా చూపించుకోవడానికే చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ మందులు రాసి, కాసేపు నసిగింది.

"ఒక మాట అడగాలమ్మా. ఈ జబ్బులో మెదడు కణాలు చచ్చిపోతాయి. వాటి బదులు కొత్తవి పుడుతున్నాయా లేదా అన్నదే మాకు తేలడం లేదు. స్కానులో కనబడవు. మెదడును బయటికి తీసి చూస్తే తప్ప లెక్కపెట్టలేం."

"తీసి అంటే?"

"మీ తర్వాత. ఎన్నో ఏళ్ళ తర్వాత. మెదడు పరిశోధనకు ఇస్తానని ఈ కాగితం మీద ఒప్పుకుంటారా?"

చెల్లెలు దిగ్గున లేచింది. "బతికున్న మనిషి ముందు అవేం మాటలండీ! పద అక్కా."

కాజాలక్క లేచింది. కాగితం మాత్రం సంచిలో పెట్టుకుంది.

ఆ వారమంతా ఆమెకు కుదురు లేదు. నాకు రోజులు దగ్గరపడ్డాయని తెలిసే అడిగిందా? మెట్ల మీద కాలు తడబడితే అక్కడే కూర్చుండిపోయేది. ఒకరోజు తెల్ల గుండీల్లో నల్లది వేసింది. కంటి పొరపాటా, లోపల ఇంకో కణం ఆరిపోయిందా? ఎవర్ని అడగాలి?

"తలలోది వాళ్ళకిచ్చేసి ఎలా పోతావక్కా?" అంది చెల్లెలు.

"పోయాక దాంతో నాకేం పనే? లెక్కలు చేస్తానా?"

చెల్లెలు ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు కాజాలక్క చెల్లెల్ని బయట కూర్చోబెట్టి, సూటిగా అడిగింది. "నాకెంత కాలముందో దాచకుండా చెప్పు తల్లీ."

"అయ్యో, అందుకు కాదమ్మా! నా దగ్గరకొచ్చే అందర్నీ అడుగుతున్నాను. ముందే మాట తీసుకోకపోతే, మనిషి పోయిన ఆ గంటల్లో ఇంట్లోవాళ్ళను ఏ మొహం పెట్టుకుని అడగను?"

"కొత్తవి దొరికితే?"

"వాటిని నిలబెట్టే మందు వెతకొచ్చు."

"దొరక్కపోతే?"

"అదీ తెలియాలిగా."

"ఏదైనా నాకు మాత్రం చెప్పలేవు."

"నిజమే," అంది డాక్టరమ్మ.

"అయితే మా చెల్లెలికి చెప్పు. భయపడుతుంది గానీ వింటుంది."

రెండు కాగితాలు గీతలు పడి పాడయ్యాయి. మూడోదాని మీద కుడి మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టి సంతకం చేసింది. ఆవగింజంత అక్షరాలు. సాక్షి కావాలంటే చెల్లెల్ని లోపలికి పిలిచారు. ఆమె కాగితం మొదట్నుంచి చివరిదాకా చదివి, ఎవరి మొహమూ చూడకుండా సంతకం చేసింది.

బస్సు దిగి నాలుగడుగులు నడిచాక చెల్లెలు అడిగింది. "కొత్త కణాలు నిజంగా పుడుతుంటాయంటావా?"

"ఏమోనే. పుట్టినా ఈ చేతిదాకా ఇంకా కబురు రాలేదు," అంటూ కాజాలక్క రోడ్డు దాటడానికి ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.