మాస్టారి చూపుడువేలు

తొంభైల చివర్లో టెక్కలిలో మా ఇంగ్లీషు మాస్టారు ఏ వాక్యాన్నీ గబుక్కున తెలుగు చెయ్యనిచ్చేవారు కాదు. చూపుడువేలెత్తి, "ఆగండ్రా! నామవాచకమేటి, క్రియేటి, విశేషణమేటి? మాట మాటకీ అర్థం సూడండి" అనేవారు.

చర్చి సభల్లో విదేశీ అతిథులకు అనువాదకుడూ ఆయనే. ఒకసారి ఒక దొర, ముందు వరసలోని నౌపడ ఉప్పుమళ్ల కూలీలను చూపిస్తూ ఏదో అన్నాడు. మాస్టారి వేలు లేచింది.

"ఈయన మిమ్మల్ని బద్ధకస్తులంతన్నాడు. ఆ మాట ఎనక్కి తీసుకున్నాకే మిగతాది సెప్తాను."

పాస్టరుగారు మైకు లాగేసుకున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తర్వాతి సభలకు మరో అనువాదకుణ్ణి పెట్టారు. దొరలేమన్నా అతని నోట పొగడ్తయ్యేది, కూలీలు చప్పట్లు కొట్టేవారు. వెనక బెంచీలో మాస్టారి వేలు లేచే ఉండేది. ఒక్కరూ అటు తిరిగి చూడలేదు.