ఎదురు చుట్టు

నా గిటారు గొంతు బాగుందని ఎవరన్నా అంటే సంతోషం కంటే ముందు నాకు సిగ్గేస్తాది. ఆ గొంతు నాది కాదు. చిత్తూరులో బోరు మోటర్లకు కాయిళ్ళు చుట్టే ఒక అక్కది. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు ఎనిమిదేండ్లు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తాను, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

తొంభైల చివర్లో నేను తిరపతిలో ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తా ఉన్నాను. పెండ్లి రిసెప్షన్లు, చవితి పందిళ్ళు, జాతర్లు, యాడ పిలిస్తే ఆడికి. సినిమా పాటల మధ్యలో గిటారుకు నాలుగు ముక్కలొస్తాయి కదా, అవే నా బతుకు. మనసు మాత్రం ఒక క్యాసెట్టులో ఇరుక్కోని ఉండేది. రైల్వే స్టేషను ముందర బండి మీద కొన్న ఇంగ్లీషు క్యాసెట్టు అది. పైన అట్ట కూడా లేదు, ఎవరు పాడినారో తెలీదు, అన్నీ పాత రాక్ పాటలు. అందులో ఒకదాంట్లో గిటారు, పడిశం పట్టిన మనిషి ఏడుస్తా పాడినట్టు పలుకుతాది. సన్నగా, బోలుగా, ముక్కులోంచి వచ్చినట్టుంటాది గానీ ఒకసారి వింటే మళ్ళా మళ్ళా వినల్లనిపిస్తాది. ఆ గొంతు నా గిటారులో రావల్ల. ఇంకేమీ అక్కర్లేదనుకునేవాణ్ణి.

గిటారు తీగల కింద పికప్ అని ఒకటి ఉంటాది. అయస్కాంతం మీద సన్న రాగితీగ వేల చుట్లు చుట్టి పెట్టిన ముక్క. పైన తీగ ఊగితే ఆ ఊపును కరెంటుగా మార్చి స్పీకరు బాక్సుకు పంపేది అదే. నా గిటారుకు రెండు ఉన్నాయి, మెడ దగ్గర ఒకటి, కింద తీగలు ఆనుకునే బ్రిడ్జి దగ్గర ఒకటి. తెలిసినోళ్ళంతా ఒకటే మాట: రాక్ అంటే లావు సౌండప్పా, పెద్ద పికప్ వెయ్యి. సరేనని మద్రాసుకు పోయి పాత సామాన్ల అంగట్లో జంట కాయిళ్ళ పికప్ తెచ్చి బిగించినాను. బర్రె అరిచినట్టు అరిచింది. టోన్ నాబ్ కింద ఉండే కెపాసిటర్ పెద్దది వేస్తే దుప్పటి కప్పుకోని పాడినట్టుండె, చిన్నది వేస్తే చెవిలో పొడిచినట్టుండె. నాబులు మార్చినాను, స్విచ్చి మార్చినాను. నేను గిటారు పొట్ట తెరిచినప్పుడల్లా మా అమ్మ మళ్ళా ఆపరేషనా అని ఎగతాళి చేసేది. చివరికి విసుగొచ్చి పాత పికప్పే తిరిగి అతికిస్తా ఉంటే సోల్డరింగ్ ఐరన్ చెయ్యి జారి మెడ దగ్గర కాయిలు మీద పడింది. లోపల తీగ తెగిపోయింది. సగం గిటారు మూగదైపోయింది, అదీ నా చేత్తోనే.

ఖర్మకు ఆ వారమే మా లీడరు కొత్త కీబోర్డు కొన్నాడు. బటన్ నొక్కితే అందులో గిటారు కూడా పలుకుతాది. ఆయన చెడ్డోడు కాదు, దాపరికం లేకుండా చెప్పినాడు. చవితికి కాణిపాకంలో ప్రోగ్రాం ఉండాది, దానికి నీ గిటారు సరిగ్గా పలికితే సరి, లేకుంటే ఇంక కీబోర్డుతోనే నడుపుకుంటాం, నువ్వేమీ అనుకోవద్దు అన్నాడు. పదైదు దినాలు టైము. నాకేమో ఇంకో పని చేతగాదు. డిగ్రీ మధ్యలో ఇడిసిపెట్టి ఈ గిటారు పట్టుకున్నానని మా నాయన నాతో మాట్లాడి అప్పటికే రెండేండ్లు.

మా మామ చిత్తూరు పక్కన పల్లెలో రైతు. కాలిపోయిన బోరు మోటరును చిత్తూరు బస్టాండు యెనక వీధిలో ఒక అంగట్లో ఒకామె దగ్గర చుట్టించేవాడు. నా కత విని, కాయిలే కదరా, ఆయమ్మ చుట్టలేని కాయిలు ఉంటాదా, పో అన్నాడు. పోయినాను. ఆ ఏడు వానల్లేవు. నీళ్ళు అడుగంటి, లో ఓల్టేజికి మోటర్లు కాలిపోయి, అంగడి ముందర వరసగా పెట్టుంటే, పక్కనే రైతులు గమ్మున కూర్చోనుండారు. మొగుడు మోటర్లు ఇప్పి బిగిస్తాడు, చుట్టేది ఆమె. నలభై ఏండ్లుంటాయి. ఆమె చుట్టిన మోటరు మళ్ళా రిపేరుకు రాదని ఆ చుట్టుపక్కల పేరు.

ఆమె నా పికప్‌ను అరచేతిలో పెట్టుకోని చూసి, ఇదేంది సామీ, బొమ్మకు మోటరు మాదిరి ఉండాది అని నవ్వింది. బాగుండే రెండో పికప్‌ను కూడా పక్కన పెట్టమనింది, చూసి చుడతానని. అంత సన్న తీగ తన దగ్గర లేదు. పాత మోటరు స్టార్టరులో ఉండే రిలే అనే చిన్న కాయిలు ఇప్పి, అందులోంచి తలెంటిక కంటే సన్నమైన తీగ లాగింది. రైతుల మోటర్లు ముందు, నీది మధ్యమధ్యలో అని చెప్పి, రెండు దినాలు సందు దొరికినప్పుడల్లా చుట్టింది. వంద చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టేది. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే తల కూడా ఎత్తేది కాదు. చివరికి చింతగింజలు చిన్న కుప్పయినాయి. మామ ఇంట్లో పండుకుంటా, దినమంతా ఆడే కూర్చోని చూసినాను నేను.

తిరపతికి తెచ్చి అతికించినాను. స్విచ్చి తిప్పి మెడ పికప్ ఒక్కటే పెడితే బ్రహ్మాండం. బ్రిడ్జిది ఒక్కటే పెట్టినా మామూలే. రెండూ కలిపి పెడితే మాత్రం సౌండు సగానికి సగం పడిపోయింది, పీలగా, సత్తువ లేకుండా. మా పాటలకు నేను వాడేది ఆ రెండూ కలిపే. గడువు నాలుగు దినాలుండాది. నాకు తిక్క రేగింది. గిటారు ఎత్తుకోని మళ్ళా చిత్తూరు బస్సెక్కినాను.

అంగట్లో ఆ పొద్దు ఏడెనిమిది మంది రైతులుండారు. నేను గడప కూడా దాటలేదు, అరవడం మొదలు పెట్టినాను. చేతగాకుంటే చేతగాదని చెప్పల్ల గానీ, నా బతుకు నాశనం చేసినావు అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, ఇప్పుడు చెప్పడానికి కూడా నోరు రాదు. ఆమె నా చేత గిటారు పొట్ట తెరిపించింది. కాయిలును అతికించిన తీగలతోనే పైకెత్తి వెలుతురులో తిప్పి చూసి, వేలుతో చుట్టు ఎటు పోయిందో పట్టుకునింది.

"తప్పు నాదే సామీ. మోటరులో పక్కపక్క కాయిళ్ళు ఒగటి ఇట్ల, ఒగటి అట్ల చుట్టల్ల. చెయ్యి ఆ అలవాటున పోయింది, ఇది ఎదురు చుట్టు పడింది. రెండు కొసలు అటుదిటు మార్చి అతికిచ్చు, సరిపోతాది."

రెండు నిమిషాల పని. దానికి నేను అంత ఎగిరినాను. నేను ఇంకా ఆడ ఉండంగానే, వరసలో కూర్చోనున్న ఒక పెద్దాయన లేసి తన మోటరును ఆటోలోకి ఎక్కించుకోని యెల్లిపోయినాడు. ఆమె ఆ ఆటో వైపు చూసి మళ్ళా తన పనిలో పడింది.

బస్సు చంద్రగిరి దాటేసరికి కోపం దిగిపోయింది. ఇంటికొచ్చి సోల్డరింగ్ ఐరన్ కాగబెట్టినాను. కొసలు మార్చే ముందు ఇంకొక్కసారి వాయించి చూద్దామనిపించింది. రెండు పికప్‌లూ పెట్టి, మెడ పికప్ వాల్యూము రవంత తగ్గించి, ఒక తీగ వంచి లాగినాను.

అదే గొంతు. క్యాసెట్టులోదే. బోలుగా, ముక్కులోంచి, ఏడుపు గొంతు. నేను రెండేండ్లు వెతికింది లావు పికప్‌లో లేదు, కెపాసిటర్లో లేదు. ఒక కాయిలు ఇంకో కాయిలుకు ఎదురు తిరగడంలో ఉండాది. ఐరన్ ప్లగ్గు పీకేసి మంచం మీద కూర్చోని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాను. ఆ కొసలు ఈ పొద్దుటికీ మార్చలేదు.

కాణిపాకంలో నా ముక్క అయినాక లీడరు స్టేజి మీదనే నా వైపు తిరిగి తలూపినాడు. తర్వాత కీబోర్డులో గిటారు బటన్ ఎవరూ నొక్కలేదు. ఆ గొంతుతోనే నేను ఇల్లు నడిపినాను, పెండ్లి చేసుకున్నాను. మా నాయన కూడా ఒకసారి పందిట్లో యెనక నిలబడి విని, ఇంటికొచ్చి, తింటివా అని నన్ను అడిగినాడు. ఇంత జరిగినా చిత్తూరు పోయి ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. వచ్చే వారం పోదాం అనుకునేవాణ్ణి. నిజం చెప్పల్లంటే ఆ అంగట్లోకి మళ్ళా అడుగు పెట్టడానికి మొగం చెల్లలేదు.

ఎనిమిదేండ్లయినాక చెన్నైలో ఒక రికార్డింగుకు పిలిచినారు. వాయించడం అయినాక ఆడుండే రికార్డింగు ఇంజనీరు హెడ్‌ఫోన్ తీసి, ఈ టోన్ చాలా బాగుంది, ఏ కంపెనీ పికప్ అని అడిగినాడు. ఫారిన్‌ది సార్ అన్నాను. అనేసినాక నా మీద నాకే అసహ్యం పుట్టింది. థూ, నీ బతుకు అనుకున్నాను. ఆ మరుసటి పొద్దున్నే తిరపతి బస్సు ఇడిసిపెట్టి చిత్తూరు బస్సెక్కినాను, గిటారు, చిన్న బాక్సు రెండూ తీసుకోని.

అంగడి అట్లనే ఉండాది. ఆమెకు కండ్లద్దాలొచ్చినాయి. నన్ను గుర్తు పట్టలేదు గానీ గిటారు సంచి చూడంగానే మొగం చిన్నబోయింది. మళ్ళా పాడైందా సామీ అనింది. లేదక్కా అని కూర్చున్నాను. అప్పుడామె చెప్పింది. నేను తిట్టిపోయిన పొద్దు నుంచి సన్న తీగ పనేదీ ముట్టలేదంట. ఫ్యానుకూ, రేడియోకూ ఎవరొచ్చినా, ఇంకో తావుకు పొమ్మని చెప్పేసిందంట. నీ వస్తువు చెడగొట్టినానని అప్పుడప్పుడు గుర్తొస్తా ఉండేది అనింది. నేను గిటారు సంచి జిప్పు లాగినాను.

ఈ తూరి కూడా అంగడి ముందర నలుగురైదుగురు రైతులుండారు. అందరి ముందర తిట్టినాను, అందరి ముందరే చెప్పల్ల. మోటర్లు టెస్ట్ చేసే బోర్డులో బాక్సు ప్లగ్గు పెట్టి, రెండు పికప్‌లూ కలిపి, క్యాసెట్టులోని ఆ ముక్క వాయించినాను. లోపల ఆమె మొగుడు చేతిలో పాన పట్టుకోని అట్లే నిలబడినాడు.

వాయించడం అయినాక ఆమె వంగి మెడ దగ్గర పికప్‌ను చూసింది.

"కొసలు మార్చినావా?"

"మార్చలేదక్కా. నువ్వు చుట్టింది చుట్టినట్టే ఉండాది."

"అయితే నేను తప్పు చుట్టలేదా?"

"తప్పే చుట్టినావు. ఆ తప్పే నాకు ఎనిమిదేండ్లు కూడు పెట్టింది. ఆ పొద్దు ఇంటికి పోతానే నాకు తెలిసింది. వచ్చి చెప్పలేదు. తప్పు చేసింది నేనక్కా."

ఆమె అద్దాలు తీసి కొంగుతో కండ్లు తుడుచుకునింది. మోటరు పక్కన కూర్చోనున్న రైతు వైపు తిరిగి, "విన్నావా అన్నా, అది నేను చుట్టిందే" అనింది.