తెర మూలన రేవు

టీవీ తెర కింద మూలన, అరచేయంత గడిలో నిలబడి, వినపడనివాళ్ల కోసం నాయకుల మాటల్ని చేతులతో చెప్పడం ఆమె ఉద్యోగం. స్టూడియోలో అందరూ ‘మూలమ్మాయి’ అంటారు. ఆ చేతిభాష నేర్పింది పుట్టుచెవుడున్న అత్తగారు. ఆవిడ రోజూ టీవీ ముందు పీట వేసుకుని కూర్చుని, కోడలు ఇంటికి రాగానే చేతులతోనే తప్పులు పడుతుంది: “నీ వేళ్లకు నత్తి వచ్చిందా ఏంటే?”

యుద్ధం మొదలయ్యాక అత్తగారికి వేరే ధ్యాస లేదు. చిన్నకొడుకు సరిహద్దులో ఉన్నాడు. “ఎందుకీ యుద్ధం? వాడెప్పుడొస్తాడు? నాకు వంకర మాటలొద్దు.”

ఆ సాయంత్రం నాయకుడు చదవబోయే ప్రసంగంలో ‘మా లక్ష్యం నెరవేరేదాకా’ అని ఉంది. చేతిభాషలో అది ఊరికే కుదరదు. లక్ష్యం ఏదో చూపించి తీరాలి. మేకప్ కుర్చీలో ముక్కుకి పౌడరు అద్దించుకుంటున్న నాయకుడినే అడిగింది.

“సార్, లక్ష్యం అంటే ఏం చూపించమంటారు?”

“నీ దగ్గర దాపరికమేముందమ్మా! వాళ్ల ఓడరేవు. అది మన చేతికొచ్చేదాకా కుర్రాళ్లు వెనక్కి రారు.”

“అదే చూపించనా?”

“అమ్మో! శాంతి అని చూపించు. అయినా ఆ మూలకెవరు చూస్తార్లే.”

కెమెరా ముందు నాయకుడు గుండె మీద చెయ్యేసుకున్నాడు. “మాకెవరి మీదా పగ లేదు. మా లక్ష్యం నెరవేరేదాకా విశ్రమించం!”

శాంతి గుర్తుకి ఆమె చేతులు లేచాయి. కెమెరా నల్లటి అద్దంలో పీట మీది అత్తగారు కనిపించినట్టయింది. చేతులు మధ్యలో ఆగి దారి మార్చుకున్నాయి. ఓడ, ఒడ్డు, ఒడ్డుకు కట్టిన తాడు. ఆ తాడు పట్టుకుని మొత్తం తన వైపు లాక్కోవడం. కుర్రాళ్లు అప్పటిదాకా రారు.

దీపాలు ఆరాక నాయకుడు మెచ్చుకున్నాడు. “భలే ఊపావమ్మా చేతులు! నాకే హుషారొచ్చింది.”

ఇంటికెళ్లేసరికి అత్తగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోడలి ముందు కంచం పెట్టి, “ఈరోజు నత్తి లేదు,” అంది చేతులతో.

మర్నాడు పొద్దున్నే నాయకుడి కార్యదర్శి ఫోన్. ఉద్యోగం ఊడిందనే అనుకుంది.

“నిన్న ఏదో ఓడ చూపించావటగా! అదెవరికి అర్థమవుతుంది?”

“వినపడనివాళ్లకేనండి.”

“హమ్మయ్య! వాళ్లెవరికి చెప్పగలర్లే. ఈసారి జాగ్రత్త.”

“అలాగేనండి,” అంటూ ఆమె కిటికీలోంచి చూసింది. వీధిలో పాలబండి ఆగిపోయి ఉంది. చుట్టూ జనం. మధ్యలో అత్తగారు చేతులతో ఓడ కడుతోంది, తాడు లాగుతోంది. చేతిభాష ఒక్క ముక్క రాని కూరగాయలామె కూడా గంప దించి, లేని తాడు పట్టుకుని తన వైపు లాక్కుని, “ఓహో, ఇదా సంగతి!” అంటోంది.