ఊరికే తిరిగే సైకిలు

వారమంతా తిరుపతి బస్టాండు దగ్గర హారన్ల మధ్య పనిచేసి విసిగిపోయి, ఆదివారం వస్తే సైకిలెక్కి చంద్రగిరి అవతలి చిట్టడవిలోకి పోయేవాణ్ణి. ఫారెస్టు వాళ్ల గేటు దాటితే మోటారు బండ్లు రావు. తుప్పలు, ఎర్రమట్టి బాట, అంతే. నాతో ఎవరూ మాట్లాడకుంటే చాలనుకునేవాణ్ణి.

ఒకరోజు బాట పక్కన కట్టెల మోపు దించుకుని కూర్చున్న ముసలామె అడిగింది: "యాడికి పోతా ఉండావు నాయనా?"

"యాడికీ లేదవ్వా. ఊరికే."

ఆమె నన్నూ సైకిల్నీ ఎగాదిగా చూసింది. "అట్లయితే ఈ మోపు క్యారియర్ మీద పెట్టుకో, పద."

కాదనే ఓపిక కూడా లేక, సైకిలు తోసుకుంటూ ఆమె వెంట వెనక్కి నడిచాను. ఇంటి ముందు మోపు దించాక అంది: "వచ్చే ఆదివారం గూడా నీకు పనేమీ ల్యాకుంటే, కొంచెం పెందలాడే రా నాయనా."